ఇండికేటరు ఎందుకు వెలగలేదు?

చీకటి పడిన తరువాత పెద్ద రోడ్డు పక్కన నిలబడి వచ్చే పోయే బండ్లను ఎప్పుడైనా గమనించారా? ఒక మోటారు సైకిలు కుడివైపు అడ్డరోడ్డులోకి తిరగబోతున్నది. దాని వెనుక ఒక చిన్న పసుపు దీపం వెలుగుతూ, ఆరుతూ, మళ్ళీ వెలుగుతూ ఉంటుంది. ఆ దీపాన్ని చూసి వెనుక వచ్చే లారీ డ్రైవరు వేగం తగ్గిస్తాడు. ఆ దీపం వెలగకపోతే? లారీ డ్రైవరు దృష్టిలో ఆ మోటారు సైకిలు తిన్నగా పోతూనే ఉంటుంది. అతడు కుడివైపు నుంచే దానిని దాటిపోవాలని చూస్తాడు. సరిగ్గా అదే క్షణంలో మోటారు సైకిలు కుడికి తిరుగుతుంది.

కాస్త లెక్క వేద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు సుమారు 16.7 మీటర్లు ప్రయాణిస్తుంది. మన దేశపు మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఇండికేటరు నిమిషానికి 60 సార్లకు తక్కువ కాకుండా, 120 సార్లకు మించకుండా మెరవాలి. నిమిషానికి 90 సార్లు మెరుస్తున్నదనుకోండి. ఒక మెరుపుకూ తరువాతి మెరుపుకూ మధ్య లారీ 11 మీటర్లు ముందుకు వస్తుంది. అదే దీపం జబ్బు చేసి నిమిషానికి 30 సార్లే మెరిస్తే ఈ దూరం 33 మీటర్లు అవుతుంది. అంటే దీపం బొత్తిగా వెలగకపోవడమే కాదు, నెమ్మదిగా వెలగడం కూడా ప్రమాదమే.

దీపం ఎందుకు, చెయ్యి చూపిస్తే చాలదా అని మీరు అడగవచ్చు. సైకిలు మీద మీరంతా చేసే పని అదే. అయితే మోటారు సైకిలుకు యాక్సిలరేటరు కుడి చేతిలో ఉంటుంది, ముందు చక్రం బ్రేకు మీట కూడా కుడి చేతి వేళ్ళ కిందే ఉంటుంది. మలుపు దగ్గర ఈ రెండూ అవసరమైన సమయంలోనే ఆ చేతిని గాలిలోకి చాచాలి. పైగా చీకట్లో ఆ చెయ్యి ఎవరికి కనబడుతుంది?

మీలో చాలా మందికి ఇంకా లైసెన్సు తీసుకునే వయస్సు రాలేదు. బండి నడపమని నేను చెప్పడం లేదు. నాన్నగారి బండో, అన్నయ్య బండో ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడు దాని ఇండికేటరు ఎందుకు వెలగడం లేదో కనిపెట్టడానికి లైసెన్సు అక్కరలేదు. పదవ తరగతిలో చదివే ఓమ్ నియమం, కాస్త ఓపిక ఉంటే చాలు. మా బడిలో విద్యుత్తు పాఠం చెప్పేటప్పుడు నేను పుస్తకంలోని బొమ్మతో పాటు ఒక పాత ఇండికేటరును కూడా బల్ల మీద పెడతాను. పిల్లలకు బొమ్మ కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది.

ముందుగా విద్యుత్తు దారి

జబ్బు కనుక్కోవాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎట్లా పని చేస్తుందో తెలియాలి. మోటారు సైకిలులో విద్యుత్తుకు మూలం బ్యాటరీ. ఇప్పటి బండ్లలో అది 12 వోల్టుల బ్యాటరీ. పాత బండ్లు కొన్నింటిలో 6 వోల్టులది ఉండేది. బ్యాటరీ ధన ధ్రువం నుంచి బయలుదేరిన విద్యుత్తు మొదట ఫ్యూజు గుండా, తరువాత తాళం స్విచ్చి గుండా పోతుంది. అక్కడి నుంచి ఫ్లాషరు అనే చిన్న డబ్బీలోకి వస్తుంది. మెకానిక్కులు దీనినే రిలే అని కూడా అంటారు. ఫ్లాషరు దాటిన తరువాత హేండిలుకు ఎడమవైపు ఉన్న ఇండికేటరు స్విచ్చి వస్తుంది. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. మీటను ఎడమకు జరిపితే ఎడమవైపు ముందు, వెనుక బల్బులకూ, కుడికి జరిపితే కుడివైపు ముందు, వెనుక బల్బులకూ విద్యుత్తు పోతుంది.

బల్బు దాటిన తరువాత విద్యుత్తు బ్యాటరీ ఋణ ధ్రువానికి తిరిగి చేరాలి కదా! వలయం పూర్తి కాకపోతే విద్యుత్తు ప్రవహించదు. ఆ తిరుగు దారికి చాలా బండ్లలో చివరి దాకా వేరే తీగ వేయరు. బండి ఇనుప చట్రమే ఆ పని చేస్తుంది. దీనిని ఎర్తు అంటారు. మన ఇళ్ళలో భూమిలోకి పాతే ఎర్తు వేరు, ఇది వేరు. బండి రెండు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది; దీని ఎర్తుకు భూమితో ఏ సంబంధమూ లేదు. ఈ తిరుగు దారిని గుర్తు పెట్టుకోండి. సగం జబ్బులు ఇక్కడే ఉంటాయి.

ఒకే వైపు ఉన్న రెండు బల్బులూ సమాంతర సంధానంలో ఉంటాయి. ఒకటి మాడిపోయినా రెండవదానికి 12 వోల్టులూ అందుతూనే ఉంటాయి. మన బండ్లలో ఈ బల్బులు సాధారణంగా 10 వాట్లవి. 10ని 12తో భాగిస్తే 0.83 ఆంపియరు వస్తుంది. అదీ ఒక బల్బు గుండా పోయే ప్రవాహం. రెండు బల్బులకూ కలిపి 1.67 ఆంపియర్లు. వెలుగుతున్న బల్బు నిరోధం 12ను 0.83తో భాగిస్తే 14.4 ఓములు. ఈ అంకెలను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ముందు ముందు పనికి వస్తాయి.

దీపాన్ని మెరిపించేది ఎవరు?

స్విచ్చి వేస్తే దీపం వెలగాలి, అంతే కదా, మరి ఆగి ఆగి ఎందుకు వెలుగుతుంది? ఆ తమాషా అంతా ఫ్లాషరులో ఉంది.

పాతకాలపు ఫ్లాషరులో ఒక ద్విలోహ పట్టీ ఉంటుంది. రెండు వేరు వేరు లోహాల రేకులను ఒకదానిపై ఒకటి అతికిస్తే ద్విలోహ పట్టీ తయారవుతుంది. వేడి చేసినప్పుడు రెండు లోహాలూ ఒకే మేరకు వ్యాకోచించవు. ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ సాగుతుంది. అతుక్కొని ఉన్నాయి కనుక విడివడలేవు. కాబట్టి పట్టీ మొత్తం తక్కువ సాగే లోహం వైపుకు వంగుతుంది. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ అనే ఆంగ్ల గడియారాల నిపుణుడు ఓడలలో వాడే గడియారం వేసవిలోనూ చలిలోనూ సమయం తప్పకుండా ఉండటానికి ఇటువంటి పట్టీని వాడాడు. మీ ఇంట్లో ఇస్త్రీ పెట్టె కాసేపటికి తనంతట తానే ఆగిపోతుందే, అందులోనూ ఇదే ఉంది.

ఫ్లాషరులో ఈ పట్టీకి సన్నని తీగ చుట్టి ఉంటుంది. బల్బులకు పోయే విద్యుత్తు ఈ తీగ గుండానే పోవాలి. తీగ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, స్పర్శ బిందువులు విడిపోతాయి, దీపం ఆరిపోతుంది. ప్రవాహం లేదు కనుక తీగ చల్లబడుతుంది. పట్టీ మళ్ళీ నిటారుగా వచ్చి బిందువులను కలుపుతుంది, దీపం వెలుగుతుంది. మీరు వినే టిక్, టిక్ చప్పుడు ఈ కలయికదీ ఎడబాటుదీ. ఇతర రకాల అమరికలు కూడా ఉన్నాయి గాని, సూత్రం ఇదే.

ఇప్పుడు ఒక బల్బు మాడిపోయిందనుకోండి. ప్రవాహం 1.67 ఆంపియర్ల నుంచి 0.83కు, అంటే సగానికి పడిపోతుంది. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని జౌల్ నియమం చెబుతుంది. సగం వర్గం నాలుగో వంతు! నాలుగో వంతు వేడితో పట్టీ ఎంతో నెమ్మదిగా వంగుతుంది, లేదా బిందువులు విడిపోయేటంత వంగనే వంగదు. అందుచేత మిగిలిన బల్బు మెరవకుండా అదే పనిగా వెలుగుతూ ఉండిపోతుంది. చూశారా! ముందు బల్బు మెరవడం మానేసిందంటే జబ్బు వెనుక బల్బుకు వచ్చిందన్నమాట. ఈ సంగతి తెలియక ఫ్లాషరునే మార్చి డబ్బు పోగొట్టుకున్న వారు చాలా మంది.

తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లలో పట్టీ లేదు. కాలాన్ని ఒక చిన్న ఎలక్ట్రానిక్ వలయం కొలుస్తుంది. వీటిలో చాలా రకాలు ప్రవాహం తగ్గిందని పసిగడితే రెట్టింపు వేగంతో మెరవడం మొదలుపెడతాయి. అది జబ్బు కాదు. ఒక బల్బు పోయింది, చూసుకో అని నడిపేవారికి చేసే హెచ్చరిక. పాత ఫ్లాషరు జబ్బు పడి నెమ్మదిస్తుంది, కొత్త ఫ్లాషరు గాభరా పడి పరుగెడుతుంది. కారణం మాత్రం ఒకటే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

విప్పడం తరువాత, ముందు చూడాలి. స్పానరు చేతికి తీసుకోకముందే కేవలం కళ్ళతో, చెవులతో సగం కారణాలను కొట్టివేయవచ్చు.

తాళం తిప్పి హారను నొక్కండి. బ్రేకు వేసి వెనుక ఎర్ర దీపం చూడండి. రెండూ పని చేయకపోతే ఇండికేటర్ల గురించి ఆలోచించడం దండగ. బ్యాటరీనో, ఫ్యూజునో చూడాలి. రెండూ చక్కగా పని చేస్తే బ్యాటరీ, ఫ్యూజు, తాళం స్విచ్చి మూడూ నిర్దోషులని సామాన్యంగా చెప్పవచ్చు. కొన్ని బండ్లలో ఇండికేటర్లకు విడి ఫ్యూజు ఉంటుంది. అది బండితో వచ్చిన చిన్న పుస్తకంలో చూసి తెలుసుకోండి. ఆ పుస్తకంలోనే ఏ రంగు తీగ ఎక్కడికి పోతుందో కూడా ఉండవచ్చు. రంగులు కంపెనీకి ఒక రకంగా ఉంటాయి కనుక పక్కింటి బండి చూసి మన బండి రంగులు ఊహించకూడదు.

తరువాత మీటను ఎడమకు, కుడికి మార్చి చూడండి. ఎడమవైపు బాగా మెరుస్తూ కుడివైపు అసలు వెలగకపోతే ఫ్లాషరును అనుమానించవలసిన పని లేదు. అది రెండు వైపులకూ ఉమ్మడి. ఉమ్మడి భాగం చెడితే రెండు వైపులా చెడాలి కదా! ఇది తర్కం, దీనికి ఏ పరికరమూ అక్కరలేదు. జబ్బు స్విచ్చి దగ్గర దారి చీలిన చోటు నుంచి కుడి బల్బుల దాకా ఎక్కడో ఉంది. నాలుగు బల్బులలో ఏ ఒక్కటీ వెలగకపోతే, హారను మాత్రం మోగుతుంటే, అప్పుడు ఉమ్మడి దారిని, అంటే ఫ్లాషరునూ, దానికి వచ్చే తీగలనూ, స్విచ్చినీ చూడాలి.

ఫ్లాషరు చెడిందా లేదా అని చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. రెండు తీగలు మాత్రమే ఉన్న ఫ్లాషరయితే, తాళం తీసేసి, ఆ రెండు తీగలనూ ఫ్లాషరు నుంచి ఊడదీసి, వాటిని ఒక చిన్న తీగ ముక్కతో కలపండి. ఇప్పుడు తాళం తిప్పి మీటను ఒక పక్కకు జరపండి. దీపాలు మెరవకుండా స్థిరంగా వెలిగితే మిగతా దారంతా బాగున్నట్టే, దోషం ఫ్లాషరుదే. అప్పటికీ వెలగకపోతే ఫ్లాషరును వదిలి స్విచ్చి వైపు పోండి. మూడు తీగలుంటే ఈ పద్ధతి వాడవద్దు. మూడవది ఎర్తు కావచ్చు, పొరపాటున దానిని కలిపితే ఫ్యూజు మాడిపోతుంది.

స్విచ్చి లోపల ఇత్తడి బిందువులు వానకు, దుమ్ముకు నల్లబడి చిలుము పడతాయి. మీటను అటూ ఇటూ ఒక ఇరవై సార్లు జరపండి. దీపం వెలగసాగితే దోషం ఆ చిలుమే. రాపిడికి పొర కాస్త చిరిగింది. ఇది తాత్కాలికమే, స్విచ్చి విప్పి శుభ్రం చేయించాలి.

ఇంకొక చోటు చెబుతాను, చాలా మందికి తట్టదు. హేండిలు తిప్పినప్పుడల్లా దాని మెడ దగ్గర తీగల కట్ట వంగుతుంది, సాగుతుంది. రోజుకు ఎన్ని వందల సార్లో! కొన్నేళ్ళకు పై ప్లాస్టిక్కు తొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగి పోగులు తెగిపోతాయి. హేండిలు తిన్నగా ఉన్నప్పుడు దీపం వెలుగుతూ, ఒక పక్కకు తిప్పగానే ఆరిపోతే అక్కడే వెదకండి. ఆగి ఉన్నప్పుడు హేండిలు తిన్నగా ఉంటుంది కనుక మెకానిక్కు చూసినప్పుడు బాగానే ఉంటుంది, మలుపులో మాత్రం ఆరిపోతుంది. ఎక్కడ అవసరమో అక్కడే ఎగనామం పెట్టే జబ్బు ఇది.

పరీక్షకు ఏమి కావాలి?

ఇంట్లో ప్లగ్గుల దగ్గర వాడే స్క్రూడ్రైవరు లాంటి టెస్టరు ఇక్కడ పనికి రాదు. దానిలో ఉన్న చిన్న నియాను దీపం వెలగాలంటే పదుల వోల్టులు కావాలి. 12 వోల్టులకు అది వెలగనే వెలగదు. దానిని చూసి విద్యుత్తు రావడం లేదని తీర్మానిస్తే తప్పుదారి పట్టినట్టే.

ఒక 12 వోల్టుల చిన్న బల్బు, హోల్డరు, మూర పొడవు తీగలు రెండు తీసుకోండి. ఒక తీగ చివరను రంగు లేని ఇనుప బోల్టుకు ఆనించి, రెండవ చివరను దారిలోని ఒక్కొక్క చోటా తాకించుకుంటూ పోండి. ఫ్యూజు దగ్గర వెలిగింది, ఫ్లాషరు ముందు వెలిగింది, స్విచ్చి దాటాక వెలగలేదు. మరి దోషం ఎక్కడుంది? మీరే చెప్పగలరు. మల్టీమీటరు ఉంటే మరీ మంచిది, వోల్టులు ఎన్నో కూడా తెలుస్తాయి.

ఒక జాగ్రత్త. 12 వోల్టులు ఒంటికి షాకు కొట్టవు గాని, బ్యాటరీ రెండు ధ్రువాలను ఇనుప ముక్కతో పొరపాటున కలిపితే వంద ఆంపియర్లకు మించిన ప్రవాహం పుట్టవచ్చు. చేతి ఉంగరమో, కడియమో మధ్యలో పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. అవి తీసేసి పనిలోకి దిగండి. బ్యాటరీ విప్పవలసి వస్తే ఋణ ధ్రువం తీగను ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. పెద్దవాళ్ళు ఎవరైనా దగ్గర ఉండటం మంచిది. ఇక మాడిపోయిన ఫ్యూజు స్థానంలో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో, మందపాటి తీగో చుట్టే అలవాటు మన ఊళ్ళలో ఉంది. నాకు దీని మీద చాలా కోపం. ఫ్యూజు మాడిందంటే ఎక్కడో తీగలు ఒరుసుకొని కలిసిపోయాయని అర్థం. ఫ్యూజు మాడకుండా చేస్తే దాని బదులు తీగలే మాడతాయి. ఆ తీగల కట్ట పెట్రోలు టాంకు కిందుగా పోతుందని మరచిపోవద్దు.

రంగు వేసిన బండి

మా ఊళ్ళో తెల్లవారుజామున పాలు పోయడానికి వెళ్ళే ఒకాయన ఉన్నాడు. నాలుగున్నరకు పెద్ద రోడ్డు మీద నుంచి కుడికి తిరిగి పక్క ఊరికి పోతాడు. చలికాలంలో ఆ వేళ మంచు దట్టంగా ఉంటుంది. ఒక సంక్రాంతికి బండికి కొత్త రంగు వేయించాడు. ఆ మరునాటి నుంచి వెనుక కుడి ఇండికేటరు దీపావళి ప్రమిదలాగా మిణుకుమనడమే గాని వెలుగు లేదు. పట్నంలో ఒక షెడ్డులో చూపిస్తే బల్బు మార్చారు, తరువాత ఫ్లాషరు మార్చారు, చివరకు వైరింగు మొత్తం మార్చాలన్నారు. అంత డబ్బు లేక అలాగే నడుపుతున్నాడు. రెండుసార్లు లారీ ఒరుసుకుంటూ పోయిందట. మూడవ పాల కాను పడిపోయిన రోజున బండిని మా బడి దగ్గరకు తీసుకొచ్చాడు.

తొమ్మిదవ తరగతి పిల్లలు నలుగురు పరీక్ష దీపం పట్టుకున్నారు. బల్బు దాకా విద్యుత్తు బాగానే వస్తున్నది. అంటే వచ్చే దారి బాగుంది. అప్పుడు ఒక పిల్లవాడు తీగ ముక్క తీసుకొని ఒక చివరను ఇండికేటరు లోహపు కాడకూ, రెండవ చివరను బ్యాటరీ ఋణ ధ్రువానికీ తాకించాడు. దీపం భగ్గున వెలిగింది! తీగ తీస్తే మళ్ళీ మసక. అందరికీ విషయం అర్థమైంది. ఇండికేటరు బోల్టు చట్రానికి ఆనే చోట కొత్త రంగు పొర అడ్డుపడింది. రంగు విద్యుత్తును పోనివ్వదు. బోల్టు మరలలో ఎక్కడో కాస్త లోహం తగులుతున్నది గనుక మసకగా అయినా వెలిగింది. బోల్టు విప్పి, ఆ చోట రూపాయి బిళ్ళంత మేర గరుకు కాగితంతో రుద్ది, మెరిసే ఇనుము కనబడ్డాక బిగించారు. తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు పూశారు. గరుకు కాగితం ఖర్చు కూడా అతను ఇవ్వబోతే పిల్లలు తీసుకోలేదు.

ఇక్కడ మన అంకెలు పనికి వస్తాయి. ఆ రంగు పొర దగ్గర 5 ఓముల నిరోధం ఉందనుకుందాం. బల్బుది 14.4. రెండూ శ్రేణిలో ఉన్నాయి కనుక మొత్తం 19.4 ఓములు. ప్రవాహం 12ను 19.4తో భాగిస్తే 0.62 ఆంపియరు. బల్బుకు దక్కే వోల్టులు 8.9 మాత్రమే. దాని సామర్థ్యం 10 వాట్ల నుంచి 5.5 వాట్లకు పడిపోయింది. తీగ వేడి తగ్గితే దాని నిరోధం కూడా కొంత తగ్గుతుంది, ఆ సవరణ మనం వదిలేశాం. వెలుగు కూడా సగానికి తగ్గుతుందనుకుంటారేమో, కాదు. బల్బు తీగ చల్లబడే కొద్దీ వెలుగు సామర్థ్యం కంటే ఎంతో త్వరగా తగ్గిపోతుంది. అందుకే ప్రమిదలాగా కనిపించింది. మిగిలిన వోల్టులు ఆ చెడ్డ అతుకు దగ్గర వృథాగా వేడి అయిపోతాయి. ఆ వేడికి అతుకు ఇంకా చెడుతుంది.

ఇటువంటి చెడ్డ అతుకులు బల్బు హోల్డరులోనూ ఉంటాయి. గాజు మూత లోపలికి వాన నీరు చేరి, హోల్డరు అడుగున ఉండే చిన్న స్ప్రింగు బిళ్ళ పచ్చని చిలుము పడుతుంది. బల్బు తీసి చూస్తే చాలు, కనబడుతుంది. కొత్త బల్బు వేసేటప్పుడు దాని మీద రాసిన వోల్టులు, వాట్లు చదవండి. 12 వోల్టుల బండిలో 6 వోల్టుల బల్బు పెడితే రెట్టింపు వోల్టులకు ఇంచుమించు నాలుగు రెట్ల సామర్థ్యం పుట్టి అది వెంటనే మాడిపోతుంది. దుకాణదారు రెండూ ఒకేలాగా ఉన్నాయిలే అంటాడు. చూపుకు ఒకేలాగానే ఉంటాయి మరి!

ఒక చిక్కు ప్రశ్న

ఇప్పుడు చాలా మంది బల్బులు తీసేసి ఎల్.ఇ.డి. దీపాలు పెట్టిస్తున్నారు. కొత్త బండ్లలో అవి కంపెనీ నుంచే వస్తున్నాయి, దానికి తగిన ఫ్లాషరు కూడా ఉంటుంది. పాత బండికి మార్చినప్పుడే తమాషాలు జరుగుతాయి. ఒక్కొక్కటి 1 వాటు చొప్పున రెండు ఎల్.ఇ.డి. దీపాలకు 0.17 ఆంపియరు చాలు. అంటే మునుపటి ప్రవాహంలో పదో వంతు. ద్విలోహ పట్టీ ఫ్లాషరులో పుట్టే వేడి ఎంత? పదో వంతు వర్గం, నూరో వంతు! పట్టీ కదలనే కదలదు. దీపాలు స్థిరంగా వెలుగుతాయి. ఎలక్ట్రానిక్ ఫ్లాషరయితే బల్బులు పోయాయనుకొని పరుగులు తీస్తుంది. ప్రవాహంతో నిమిత్తం లేని, ఎల్.ఇ.డి. కోసమే చేసిన ఫ్లాషరు వేయడమే దీనికి సరైన మందు. కొందరు దీపాలకు సమాంతరంగా ఒక నిరోధకం కట్టి పాత ప్రవాహాన్నే మళ్ళీ లాగిస్తారు. విద్యుత్తు ఆదా కోసం ఎల్.ఇ.డి. పెట్టి, ఆదా అయినదాన్ని ఒక నిరోధకంలో కాల్చేయడం నాకయితే సబబుగా తోచదు. ఆ నిరోధకం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కూడా.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఎల్.ఇ.డి.లు పెట్టాక కొన్ని బండ్లలో ఎడమ ఇండికేటరు వేస్తే నాలుగు దీపాలూ మెరుస్తాయి! వెనుకవారికి బండి ఎటు తిరుగుతుందో తెలియదు. వెలగకపోవడం కంటే ఇది ఒక విధంగా ఎక్కువ ప్రమాదం. దీనికి కారణం స్పీడోమీటరు పక్కన మెరిసే చిన్న సూచిక దీపం. రెండు వైపులకూ కలిపి ఒకటే సూచిక దీపం ఉన్న బండ్లలో దానికి ఎర్తు తీగ ఉండదు. దాని ఒక కొస ఎడమ తీగకు, ఒక కొస కుడి తీగకు కట్టి ఉంటుంది. ఎడమ ఇండికేటరు వేసినప్పుడు విద్యుత్తు సూచిక దీపం గుండా కుడి తీగలోకి పోయి, కుడి బల్బుల గుండా ఎర్తుకు చేరుతుంది. మరి మామూలు బల్బులున్నప్పుడు కుడివైపు ఎందుకు వెలగలేదు?

సూచిక దీపం 2 వాట్లది అనుకోండి. వెలిగేటప్పుడు దాని నిరోధం 72 ఓములు. కుడివైపు బల్బులు చల్లగా ఉన్నాయి. చల్లని బల్బు తీగ నిరోధం వేడి తీగలో సుమారు పదో వంతే, అంటే 1.4 ఓములు. రెండూ సమాంతరంగా 0.7. ఆ 72 ఓముల పక్కన ఈ 0.7 ఎంత? 12 వోల్టులలో దాని వాటాకు వచ్చేది 0.12 వోల్టు. అందుకే కుడి బల్బులు కిమ్మనకుండా ఊరికే తీగ ముక్కలలాగా విద్యుత్తును పోనిస్తాయి. ఎల్.ఇ.డి.లకు మాత్రం ఆ కొద్దిపాటి ప్రవాహమే చాలు. అవి మసకగానో, పూర్తిగానో వెలుగుతాయి. సూచిక దీపమే ఆరిపోయినంత పని అవుతుంది. సూచిక దీపం ఒక కొసను ఎర్తుకు కట్టి, రెండవ కొసను రెండు డయోడుల ద్వారా ఎడమ, కుడి తీగలకు కలిపితే బాధ తీరిపోతుంది. డయోడు విద్యుత్తును ఒకవైపే పోనిస్తుంది కనుక ఎడమది కుడిలోకి, కుడిది ఎడమలోకి దాటలేదు.

బాగు చేశాక గడియారం ముందు పెట్టుకొని నిమిషంలో ఎన్నిసార్లు మెరుస్తున్నదో లెక్కపెట్టండి. ఇంజను ఆపి ఒకసారి, నడిపి ఒకసారి చూడండి. ఆపినప్పుడు బాగా నెమ్మదించి, నడిపినప్పుడు సరిపోతే బ్యాటరీ బలహీనపడిందని అనుమానించాలి. ఒకరు బండి మీద కూర్చొని మీట జరుపుతుంటే ఇంకొకరు ఇరవై అడుగుల దూరం వెనక్కు పోయి చూడాలి. హేండిలు అటు చివరకు, ఇటు చివరకు తిప్పి కూడా చూడండి.

చివరగా, బండి లేనివారు కూడా చేయగల ప్రయోగం ఒకటి. మెకానిక్కు షెడ్డులో అడిగితే మాడని పాత ఇండికేటరు బల్బు ఒకటి దొరుకుతుంది. రెండు టార్చి సెల్లులు, ఒక మామూలు టార్చి బల్బు, ఈ ఇండికేటరు బల్బు అన్నింటినీ శ్రేణిలో కలపండి. టార్చి బల్బు చక్కగా వెలుగుతుంది. దాని గుండా పోయే ప్రవాహమే ఇండికేటరు బల్బు గుండా కూడా పోతున్నది. అయినా అది వెలగదు, చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చన కూడా కాదు. ఎందుకో పైన చెప్పిన అంకెలతో లెక్క కట్టండి. ఆ తరువాత టార్చి బల్బు తీసేసి ఇండికేటరు బల్బును ఒక్కదానినే సెల్లులకు కలిపితే ఏమి కావాలో ముందు కాగితం మీద రాసుకొని, అప్పుడు తీగ కలపండి.